కోడి వంశచరిత్రము



కోడిని గూర్చి యొక తెలుఁగుపండితుఁడు ప్రసంగింపఁబూనెనన్న మీలోఁ గొందఱకు నవ్వు రావచ్చును. నేను కోళ్లను బెంచు నింటఁ బుట్టినవాఁడను గాను. గుడ్డు రుచి నే నెఱుఁగను. అయినను ముప్పదియైదేండ్లు పల్లెటూళ్ల బడులలోఁ బాఠములు చెప్పి, నేఁడు పింఛను పుచ్చుకొనుచున్నవాఁడను. అన్ని యేండ్లును వేకువజామున నన్ను లేపినది గడియారము గాదు, పొరుగింటి పుంజు. ఆ ఋణము కొంతయైనఁ దీర్చుకొనుటకే యీ ప్రసంగము.

బాల్యమున గురువుగారి యెదుటఁ గూర్చుండి అమరకోశము వల్లించు దినములలో, ఈ పక్షికిఁ గుక్కుటమే కాక తామ్రచూడము, చరణాయుధము అను పేళ్లు కూడఁ గలవని నేర్చుకొంటిని. తామ్రచూడ మనఁగా రాగివన్నె తురాయి గలది. చరణాయుధ మనఁగాఁ గాళ్లే యాయుధములుగాఁ గలది. పేళ్లను వల్లించితినే కాని, ఆ తురాయిలో నొక మహాశాస్త్రముయొక్క మొదటి పాఠమును, ఆ కాళ్ల పసుపువన్నెలో మన దక్షిణదేశపు టడవుల గుఱుతును దాఁగియున్నవని ముసలితనము వచ్చువఱకును నే నెఱుఁగనైతిని. ఆ రెండు సంగతులను మీకుఁ జెప్పి, పిమ్మట నా వలన జరిగిన యొక పొరపాటును గూడ విన్నవింతును.

అడవికోళ్లు నాలుగు జాతులు. హిమాలయ పాదముల మొదలు మయన్మారు, థాయిలాండు, జావాల వఱకు వ్యాపించిన యెఱ్ఱ యడవికోడి యొకటి. మన తూర్పుకనుమల యుత్తరభాగమునఁ గూడ నిది కలదు. దక్షిణ పశ్చిమ భారతముల యడవులలో నుండు బూడిదవన్నె కోడి రెండవది. సింహళమున నుండునది మూఁడవది. జావా యందును దాని చుట్టుపట్ల దీవులయందును నుండు పచ్చకోడి నాలుగవది. వీనిలో మన యింటికోడికి మూలపురుషుఁ డెవఁడు? ఈ ప్రశ్నను శాస్త్రీయముగా మొదట విచారించినవారిలో ఎడ్వర్డు బ్లైత్ అను నాతఁడు కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ వారి ప్రదర్శనశాలకు 1841 మొదలు పాలకుఁడుగా నుండెను. ఎఱ్ఱ యడవికోడియే యింటికోడికి మూలమని యాతఁడు తలఁచి, ఇంగ్లండులోని చార్లెస్ డార్విన్ గారికి లేఖలు వ్రాసెను.

డార్విన్ మాటతోఁ దృప్తి నొందువాఁడు గాఁడు. తానే కోళ్లను బెంచి పరీక్షించెను. నల్లని స్పానిష్ పుంజును, తెల్లని పట్టుకోడిపెట్టను జతపఱచెను. నలుపు తెలుపుల సంతతి నల్లగానో తెల్లగానో బూడిదగానో యుండునని యెవఁడైనఁ దలఁచును. కాని యా పిల్లలలో నొక పుంజు పెరిగి, అచ్చముగా నడవికోడివలె ఎఱ్ఱని మెడతోను, నల్లని తోఁకతోను నిగనిగలాడెను. తల్లియందుఁ గానరాదు, తండ్రియందుఁ గానరాదు. ఎన్నో తరముల వెనుకటి తాత వేషము మనుమని మీఁద మరల వచ్చినది. 1868లో డార్విన్ ప్రకటించిన గ్రంథమున నీ పరీక్షయు, ఎఱ్ఱ యడవికోడియే యింటికోళ్లన్నిటికిని మూలమను సిద్ధాంతమును గలవు. కానరాని లక్షణ మెక్కడ దాఁగియుండెనో యాతఁడు చెప్పలేకపోయెను. ఆ తాళపుఁజెవి యప్పటి కాతని చేతికి రాలేదు.

ఆ తాళపుఁజెవి సంగతికిఁ బోవుటకు ముందు, కోడి మనుష్యుని యింటి కెప్పుడు వచ్చెనో చెప్పెదను. సింధునదీ తీరమునఁ గోడి మొదట మచ్చికయైనదని చాలకాలము పండితులు నమ్మిరి. ఇటీవల నా నమ్మకము సడలినది. 2020లో 863 పక్షుల జన్యురాశులను పోల్చి చూచిన శాస్త్రజ్ఞులు, నైరృతి చైనా, ఉత్తర థాయిలాండు, మయన్మారు ప్రాంతముల నుండు ఎఱ్ఱ యడవికోడి యుపజాతియే యింటికోడికి ముఖ్యమైన మూలమని తేల్చిరి. అక్కడనుండి మనుష్యులతోఁ గూడ ప్రయాణము చేసి, పోయిన చోట్ల నడవికోళ్లతోఁ గలసి సంతతి కనెననియుఁ జెప్పిరి. 2022లో ప్రకటింపఁబడిన మఱియొక పరిశోధనమునుబట్టి, ఇంటికోడివని నిశ్చయింపఁదగిన యెముకలలోఁ బ్రాఁతవి మధ్య థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అను చోట దొరకినవి. అవి క్రీస్తునకు పూర్వము 1650 మొదలు 1250 వఱకుఁ గల కాలమునకుఁ జెందినవి. మెట్ట వరియుఁ గొఱ్ఱలు మొదలగు చిఱుధాన్యములును బండించు పల్లెల చుట్టును రాలిన గింజల కాశపడి యడవికోడి చెట్టు దిగి వచ్చెనని వారి యూహ. కోడిని మనము పట్టి తెచ్చితిమని యనుకొందుము. మన కళ్లములోని గింజయే దానిని బిలిచినది. రైతు కిది వింత గాదు.

ఇఁక మన దేశపుఁ గోడి మాట. మన ప్రాంతమున జాతికోడి యనియు, అసీలనియుఁ బిలుచు పక్షిని మీరందఱు నెఱుఁగుదురు. పొడుగైన కాళ్లు, నిలువైన మెడ, బిగువైన యీకలు, విశాలమైన ఱొమ్ము, తలపై నణఁగియున్న చిన్న తురాయి దాని లక్షణములు. ఆంధ్రదేశము, ఒడిషా, ఛత్తీస్‌గఢములు దీనికిఁ బుట్టినిల్లు. అసీలను పదము అరబ్బీ భాషనుండి వచ్చినది. సద్వంశమునఁ బుట్టినదని దాని యర్థము. మనము దినదినమును బలుకు అసలు అను మాటయు నా ధాతువునుండి వచ్చినదే. అసలు వడ్డీ లను మాటలలోని యసలును, అసీలు కోడియు నొక తల్లి బిడ్డలు. ఈ చుట్టఱికమును మనసున నుంచుకొనుఁడు. తుదిని దానితోఁ బనియున్నది.

తెలుఁగువానికిఁ గోడి యనఁగానే పలనాటివీరుల కథ జ్ఞప్తికి వచ్చును. నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపోరును, అందు నోడినవారి వనవాసమును, పిదప కారెంపూడి యుద్ధమును వినని పల్లె లేదు. పందెపువారు పుంజులను రంగునుబట్టి కాకి, డేగ, సేతు, నెమలి, పర్ల యని విడఁదీసి, ఏ పెట్ట కే పుంజు కట్టిన నేమి పుట్టునో తరతరములుగా లెక్కపెట్టుచు వచ్చిరి. వారి పందెము చెడ్డదే కాని వారి చూపు మాత్రము నిశితమైనది. ఆ చూపునకు శాస్త్రమను పేరు రాలేదు, అంతియే.

1820 ప్రాంతమున, వంగదేశపు సైన్యములోఁ బనిచేసిన సర్ వాల్టర్ గిల్బర్టు అను సేనాని యసీలు కోళ్లను ఇంగ్లండులోని తన కార్న్‌వాల్ సీమకుఁ గొనిపోయి, అక్కడి పోట్లకోళ్లతోఁ గలిపెనని చెప్పుదురు. పోరాటమునకు మఱింత గట్టి కోడిని బుట్టింపవలెనని యాశ. పుట్టినది మాత్రము బరువైన ఱొమ్ముతో, పొట్టికాళ్లతో, పోరాటమున కేమియుఁ బనికిరాని పక్షి. దానికి వారు ఇండియన్ గేమ్ అనియు, తరువాత కార్నిష్ కోడి యనియుఁ బేరు పెట్టిరి. పందెమున నోడిన యీ పక్షి మఱి రెండు చోట్ల గెలిచినది. మొదటి గెలుపు శాస్త్రములో, రెండవది వంటశాలలో.

శాస్త్రములోని గెలుపును ముందు చెప్పెదను. మెండెల్ అను క్రైస్తవసన్యాసి తన మఠపుఁ దోఁటలో బఠానీ మొక్కలను బెంచి, తల్లిదండ్రుల లక్షణములు బిడ్డలకుఁ బోవు నియమమును గనుఁగొని 1866లోఁ బ్రచురించెను. ముప్పది నాలుగేండ్లు దానిని బట్టించుకొన్నవారు అరుదు. 1900లో నది వెలికి రాఁగా, కేంబ్రిడ్జిలోని విలియం బేట్సన్ గారికి నొక సందేహము కలిగెను. మొక్కలయందుఁ జెల్లిన నియమము ప్రాణులయందుఁ జెల్లునా? అందులకై యాతఁడు కోళ్లను జేపట్టెను. ఒక ప్రక్క ఇండియన్ గేమ్ కోడి. దాని తలపైఁ జిన్న బొడిపెల వరుసలుగల తురాయి. ఇంగ్లీషువారు దానిని బఠానీ తురాయి యందురు. మఱియొక ప్రక్క లెగ్‌హార్ను కోడి. దానికి ఱంపపు పండ్లవలె నిలుచు పెద్ద తురాయి. వీనిని జతపఱుపఁగాఁ బిల్లలన్నిటికిని బఠానీ తురాయియే వచ్చెను. ఱంపపు తురాయి నశించెననుకొందుము. కాని యా పిల్లలను తమలోఁ దాము జతపఱుపఁగా, నాలుగింట నొకదానికి ఱంపపు తురాయి మరలఁ గనఁబడెను. అది నశింపలేదు, దాఁగియుండెను. కనఁబడు లక్షణమును బహిర్గతమనియు, దాఁగు దానిని అంతర్గతమనియు శాస్త్రజ్ఞు లందురు. డార్విన్ గారి నల్లపుంజు, తెల్లపెట్టల బిడ్డపై నడవి వేష మెట్లు మరల వచ్చెనో తెలియుటకు దారి యిట్లు తెఱవఁబడెను.

1902లో బేట్సన్, సాండర్సు అను విదుషీమణితోఁ గూడి యీ ఫలితములను బ్రకటించెను. మెండెల్ నియమము జంతువులయందును వర్తించునని చూపిన మొట్టమొదటి పరీక్షలలో నిది యొకటి. బఠానీ తోఁటలో మొలిచిన సిద్ధాంతము బఠానీ తురాయిపై నిజమయ్యెను. ఆ తురాయి కార్న్‌వాలునకుఁ బోయినది మన యసీలు తలపైనుండి. ఈ విద్యకు జెనెటిక్స్ అని పేరు పెట్టినవాఁడును బేట్సనే. మనము జన్యుశాస్త్ర మనుచున్నాము.

పిదప బేట్సను, ఆయన తోడి శాస్త్రజ్ఞుఁడు పున్నెట్టును మఱియొక వింతను జూచిరి. బఠానీ తురాయి కోడిని గులాబీ తురాయి కోడితోఁ గలుపఁగా, పిల్లలకు నారెంటిలో నేదియుఁ గాక, అక్రోటుకాయవంటి క్రొత్త తురాయి వచ్చెను. ఆ పిల్లలను తమలోఁ దాము కలుపఁగా, 16 పాళ్లలో 9 పాళ్లు అక్రోటు, 3 పాళ్లు గులాబీ, 3 పాళ్లు బఠానీ, ఒక పాలు ఱంపము వచ్చెను. రెండు వేఱు వేఱు జన్యువులు కలసి యొక రూపమును నిర్మించుననుట కిది ప్రసిద్ధమైన నిదర్శనము. నూఱేండ్ల తరువాత, 2009లో బఠానీ తురాయికిఁ గారణమైన మార్పు దొరకినది. సాక్స్-5 అను జన్యువులో నొక చిన్న ఖండము పలుమాఱులు తిరిగి వ్రాయఁబడియున్నదఁట. తాళపత్రము వ్రాయు లేఖకుఁడు కునికిపాటున నొక పంక్తినే మరల మరల వ్రాసినట్లని తలఁపుఁడు. ఆ తప్పువ్రాఁతయే గ్రుడ్డులోని పిండమునఁ దురాయి పెరుగుదలను మార్చి చిన్నది చేయుచున్నది.

ఇఁకఁ గాళ్ల మాట. 2004లో కోడి జన్యురాశి నంతయుఁ జదివి ప్రకటించిరి. అందు నుమారు నూఱు కోట్ల యక్షరములు. మనుష్యుని దానిలో దాదాపు మూఁడవ వంతు. పక్షులలో మొదట నిట్లు చదువఁబడిన గ్రంథ మిదియే. ఆ పఠనమునకు నెన్నుకొన్నది ఎఱ్ఱ యడవికోడి పెట్ట. అటుపిమ్మట 2008లో నొక చిక్కుముడి విడినది. పెక్కు కోళ్ల కాళ్లును జర్మమును బసుపువన్నెగా నుండునని మీరెఱుఁగుదురు. ఎఱ్ఱ యడవికోడి చర్మ మట్లుండదు. ఆకులలోను, మొక్కజొన్నలలోను నుండు పసుపువన్నె పదార్థమును దాని చర్మములోని యొక జన్యువు విఱిచివేయును. పసుపుకాళ్ల కోడియందు నా జన్యువు చర్మమునందు మాత్రము నిద్రించును, రంగు నిలుచును. ఈ నిద్రించు రూప మెఱ్ఱకోడినుండి రాలేదు. మన దక్షిణదేశపు బూడిదవన్నె యడవికోడినుండి వచ్చినది! ఎఱ్ఱకోడి యొక్కటియే మూలమన్న డార్విన్ మహాశయుఁ డిచ్చట కొంత తప్పినాఁడు. నేఁడు పడమటిదేశముల వ్యాపారపుఁ గోళ్లలోఁ బెక్కింట నీ గుఱుతు కలదు. ఎన్నఁడో దక్షిణభారతపు పల్లె యంచున నొక యింటికోడియు, నొక యడవికోడియుఁ గలసికొన్న కథను లోకమంతయుఁ గాళ్లపై ధరించుచున్నది.

వంటశాలలోని గెలుపు మిగిలినది. 1946 మొదలు 1948 వఱకు అమెరికాలో రేపటికోడి యను పేరుతో నొక పోటీ జరిగెను. కండగల కోడిని త్వరగాఁ బెంచినవారికి బహుమానము. 1948లో గెలిచినది కాలిఫోర్నియాకుఁ జెందిన వాన్‌ట్రెస్ వారి కోడి. కార్నిష్, న్యూహాంప్‌షైర్ జాతుల కలయిక. తరువాత మాంసపుఁగోళ్ల వంశములలోఁ గార్నిష్ రక్తము ప్రధానమైనది. ఆ కార్నిష్‌కు మాతామహుఁడు మన యసీలు. ఎంపికచే నెంత మార్పు కలుగునో 2014లోఁ బ్రకటింపఁబడిన కెనడా దేశపు పరీక్ష చూపినది. 1957నాఁటి వంశమును, 1978నాఁటి వంశమును, 2005నాఁటి వంశమును నిలిపియుంచి, మూఁడింటికి నొకే మేఁత పెట్టి పెంచిరి. 56 దినములకు మొదటి దాని తూకము 905 గ్రాములు, రెండవదాని తూకము 1808, మూఁడవదాని తూకము 4202. మేఁత యొక్కటే, మాఱినది వంశము.

గ్రుడ్ల విషయమునను నిట్లే జరిగెను. మొదటి మహాయుద్ధకాలమున ఇంగ్లండునఁ దిండికిఁ గఱవు వచ్చినప్పుడు, పుట్టిననాఁడే పిల్లలలోఁ బుంజేదో పెట్టయేదో రంగునుబట్టి గుర్తించు నుపాయమును బున్నెట్టు సూచించెను. బంగారువన్నె పుంజును వెండివన్నె పెట్టతోఁ గలిపినచో, మగపిల్లలు వెండివన్నెతోను ఆఁడుపిల్లలు బంగారువన్నెతోను బుట్టుదురు. తల్లి రంగు కొడుకులకును, తండ్రి రంగు కూఁతులకును బోవును. నేఁడు వ్యాపారపుఁ బెట్ట సంవత్సరమునకు మూఁడువందలకు మించి గ్రుడ్లు పెట్టుచున్నది. ఇది సామాన్యమైన యుపకారము గాదు. పేదవాని పళ్లెములోనికి మాంసకృత్తు చేర్చిన విద్యను నేను నిందింపను.

అయినను బ్రతి యెంపికయు నొక త్యాగము. గ్రుడ్లు పెట్టు పెట్ట పొదుగుటకుఁ గూర్చున్నచోఁ గొన్నివారములు గ్రుడ్లు పెట్టదు. కావునఁ బొదుగు గుణమును వ్యాపారులు తరతరముగాఁ దొలఁగించిరి. ఒక్కొక్క గుణమునకై కొలఁది కోళ్లనే యెన్నుకొనుచు పోవఁగా, తక్కినవాని యక్షరములు గ్రంథమునుండి రాలిపోయినవి. 2008లో ననేక దేశముల శాస్త్రజ్ఞులు లెక్కించి, వ్యాపారపుఁ గోళ్ల వంశములలోఁ బూర్వపు జాతులయందున్న జన్యువైవిధ్యములో సగమో యంతకుమించియో లేదని చెప్పిరి. రేపొక క్రొత్త తెగులు వచ్చినను, వేసవి తీవ్రమైనను, దానికిఁ దగిన గుణమును వెదకవలసినది ఆ రాలిన యక్షరములలోనే. అవి యింక నెక్కడనున్నవి? మీ పెరటిలో, మా పొరుగింటి గంపక్రింద.

ఇప్పుడు నా పొరపాటును జెప్పెదను. నేను క్రొత్తగా నుపాధ్యాయుఁడనై యొక పల్లెకుఁ బోయిన దినములవి, నలువదియేండ్లు కావచ్చినవి. మా పొరుగున నొక వృద్ధురాలుండెను. పెండ్లియై కాపురమునకు వచ్చునాఁడు పుట్టినింటనుండి యొక పెట్టను, రెండు పుంజులను దెచ్చుకొన్నదఁట. ఆ వంశమే యాబదియేండ్లుగా నామె పెరటిలోఁ దిరుగుచుండెను. నేను గ్రుడ్లు దినకపోయినను, చదివిన చదువు ఊరకుండనీయదు గదా! దేశపుఁ బెట్టలకుఁ దెల్ల విదేశపు పుంజులను గట్టినఁ గ్రుడ్లు హెచ్చునని యొక కరపత్రమునఁ జదివి, ఆమెకుఁ బదే పదే బోధించితిని. బడిపంతులు మాట యని యామె నమ్మినది. పాఁతపుంజులను అమ్మివేసి తెల్లపుంజును దెచ్చుకొన్నది. ఆ కరపత్రము చెప్పినది నిజమే; రెండేండ్లలో గ్రుడ్లు హెచ్చినవి. నేను గర్వించితిని.

మూఁడవయేఁట నామె మా యరుఁగు దగ్గఱకు వచ్చి నిలుచున్నది. “అయ్యవారూ, గ్రుడ్లున్నవి గాని పొదుగు పెట్ట లేదండి. ఏ పెట్టయుఁ గూర్చుండదు. పిల్లల నెవరు చేయుదురు?” అని యడిగినది. నేను సమాధాన మెఱుఁగను. పాఁతపుంజులకై చుట్టుపట్ల నూళ్లలో వెదకించితిమి. ఎక్కడఁ జూచినను నదియే తెల్ల కలయిక. ఆ యేఁటి వేసవిలోఁ గొక్కెర తెగులు వచ్చి, మిగిలిన రెండు ముసలిపెట్టలను గొనిపోయినది. “మా పుట్టినింటి ముక్క పోయినదండి” యని మాత్ర మామె యన్నది. నన్నొక్క మాటయు ననలేదు. అననందుననే యది నాకు నేఁటికిని గుచ్చుకొనుచున్నది. నేనిచ్చిన సలహా తప్పు గాదు. సగము మాత్రమే చెప్పితిని. క్రొత్తదానిని దెచ్చుకొమ్మంటిని గాని, పాఁతదానిని వేఱుగా నిలుపుకొమ్మని చెప్పనైతిని.

పాఁతదానిని నిలుపు విధమెట్లు? ధాన్యమునకు విత్తనము దాఁచినట్లు గ్రుడ్డును దాఁచి తరువాతఁ బిల్లను జేయలేము. పెద్ద పచ్చసొనతోఁ గూడియుండుటచేఁ గ్రుడ్డు గడ్డకట్టించి నిలుపుటకు లొంగదు. పుంజు వీర్యమును గడ్డకట్టించి దాఁచవచ్చును; కాని పెట్టనుండి కూఁతునకే వచ్చు కొన్ని యంశము లందు లేవు. పిండదశలోని బీజకణములను దీసి దాఁచి, మఱియొక పెట్ట కడుపునఁ బండించు విద్యను స్కాట్లండులోని రోస్లిన్ సంస్థ మొదలగువారు సాధించుచున్నారు. అది ప్రయోగశాలల పని. మనదేశమున హైదరాబాదు చెంత రాజేంద్రనగరులో 1988లో నేర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ, పెరటికోళ్లుగా వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి యను రకములను దీసినది. అసీలు, ఘాగస్, నికోబారీ వంటి దేశజాతులను వేఱుగాఁ గాపాడుచున్నది. కర్నాలులోని జాతీయసంస్థ దేశజాతులను బరిశీలించి పట్టికలో నెక్కించుచున్నది. మన ఆంధ్రప్రాంతపు డంకి, కాళహస్తి జాతులు నందుఁ గలవు.

ఎన్ని సంస్థలున్నను ఊరి పెరటిలో లేని జాతి, పటములోని తాతవంటిది. పెరటిలో నిలుపుటకుఁ జిన్న గణితము చాలును. 1931లో సీవల్ రైట్ అను శాస్త్రజ్ఞుఁ డొక లెక్క చెప్పెను. పుంజుల సంఖ్యను బెట్టల సంఖ్యచే హెచ్చించి, దానిని నాలుగింతలు చేసి, మొత్తము కోళ్ల సంఖ్యచే భాగింపుఁడు. ఇరువది పెట్టలకు నొక్క పుంజే యున్నచో ఎనుబదిని ఇరువదియొకటిచే భాగింపవలెను; ఫలము నాలుగునకు లోపు. అనఁగా మీ పెరటిలో ఇరువదియొక కోళ్లున్నట్లు కనఁబడినను, వంశదృష్టితో నున్నవి నాలుగే. దాఁగియున్న వైవిధ్యములో నెనిమిదవ వంతు ప్రతి తరమునను జాఱిపోవును. ఆ యిరువది పెట్టలకే యైదు పుంజులను నిలిపినచో ఫలము పదునాఱు. నష్టము తరమునకు ముప్పదిరెండవ వంతు మాత్రమే. ఒక్క మంచిపుంజు చాలునను మన వాడుక యెంత హానికరమో చూడుఁడు.

కావున నే విన్నవించు పద్ధతి యిది. మూఁడు నాలుగూళ్ల పెద్దలు కలసి, ఒక్కొక్క యూర దేశపుఁ గోళ్ల మందను వేఱుగా నుంచుఁడు. తరమున కొకమాఱు మొదటి యూరి పుంజులను రెండవ యూరికి, రెండవ యూరివానిని మూఁడవ యూరికి, కడపటి యూరివానిని మొదటి యూరికిఁ బంపుఁడు. పెట్టలు పుట్టినయూరనే యుండుఁగాక. ప్రతి పుంజునకు నొక కొడుకును, ప్రతి పెట్టకు నొక కూఁతును నిలుపుఁడు. ఒక్కదాని సంతతినే నింపకుఁడు. కొక్కెర తెగులునకుఁ డీకా వేయింపుఁడు. గ్రుడ్లకై క్రొత్తరకములను బెంచుకొనుఁడు, కాని రెండు మందలను గలియనీయకుఁడు.

ఇంక నొక్క సంగతి. జంతువులను బోరునకుఁ బురికొల్పుట 1960నాఁటి జంతుహింసా నివారణచట్టముచే నిషిద్ధము. అది ధర్మమైన చట్టము. కాని యసీలు నింతకాలము శుద్ధముగా నిలిపినవారు పందెగాండ్రే యనుటయు సత్యము. పందెముతోపాటు జాతియు నంతరింపరాదు. పందెపువాని నిశితమైన చూపు మనకుఁ గావలెను. వాని కత్తి యక్కఱలేదు.

అసలు వడ్డీల మాట మొదట జ్ఞప్తిలో నుంచుకొమ్మంటిని. అధికమైన గ్రుడ్లును, త్వరితమైన మాంసమును వడ్డీవంటివి. వేలయేండ్లనాఁడు వరికళ్లములోని గింజ కాశపడి దిగివచ్చిన యడవికోడి మనకిచ్చిన మూలధనము అసలు. వడ్డీ తినుట తప్పు గాదు. అసలును దిన్నవాఁడు బిడ్డల ఋణమును దిన్నవాఁడు. నా పొరుగింటి వృద్ధురాలి ఋణమును నేను తీర్చుకొనలేకపోయితిని. మీ యూళ్లలో నట్టి పెట్ట యొక్కటియైన నింకను గంపక్రిందఁ బొదుగుచున్నచో, దాని వంశమును నిలుపుఁడని వేఁడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.